కడగకూడని బీకరు

ఉప్పు నీటిలో నాలుగు చుక్కల బేరియం క్లోరైడు వేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. అదే పటిక నీటిలో వేస్తే తెల్లటి అవక్షేపం దిగుతుంది. పటికలో సల్ఫేటు ఉంది కనుక. ఇదంతా మీకు తెలిసిన రసాయన శాస్త్రమే. మరి ఉత్త ఉప్పు నీళ్లే పాలు విరిగినట్లు తెల్లబడ్డాయనుకోండి, అప్పుడేమనుకోవాలి?

మా బడి ప్రయోగశాలలో ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. ముందు ఆ సంగతి చెబుతాను. ఆ తర్వాత కంప్యూటరు లోపలికి వెళదాం. ఈ రెండింటికీ సంబంధమేమిటని ఇప్పుడే అడగకండి.

మాది చిన్న ప్రయోగశాల. స్ఫటికాలు పెంచే పిల్లలు బీకర్లు పెట్టుకోవడానికి ఒక పాత చెక్క బీరువా ఉంది. నాలుగు అరలు, ఒక్కొక్క అరలో ఎనిమిది బీకర్లు పట్టే చోటు. మొత్తం 32. కావలసినవాళ్లు ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే. ఎవరి బీకరు ఎక్కడుందో వాళ్లు తమ నోటు పుస్తకంలో రాసుకోవాలి. "మూడో అర, ఐదో చోటు" అన్నట్లుగా. దుమ్ము పడకుండా ప్రతి బీకరు మీదా ఒక కాగితం మూత. మూతలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ప్రయోగం అయిపోయాక ఎవరి బీకరు వాళ్లు కడిగి బోర్లించాలన్నది నియమం. నియమం గోడ మీద ఉంటుంది, మురికి బీకర్లు బీరువాలో ఉంటాయి. నెల తిరిగేసరికి ఎవరివో తెలియనివి సగం.

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. నెలకొక శుక్రవారం సాయంత్రం పిల్లల నోటు పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టించుకుంటాను. ఒక్కొక్క పుస్తకం తెరిచి, అందులో రాసి ఉన్న చోటికి వెళ్లి, అక్కడున్న బీకరు మీద సుద్దముక్కతో గీత పెడతాను. పుస్తకాలన్నీ అయ్యాక, గీత లేని బీకర్లన్నిటినీ తీసి కడిగేస్తాను. చాలా ఏళ్లు ఈ పద్ధతి బాగానే నడిచింది.

ఒక శుక్రవారం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బడికి రాలేదు. జ్వరం. ఆమె నోటు పుస్తకమూ రాలేదు. ఆమె పటిక ద్రావణం మూడో అరలో ఐదో చోట ఉంది. దారానికి కట్టి పెంచుతున్న స్ఫటికాన్ని మాత్రం తుడిచి, కాగితంలో చుట్టి తనతో తీసుకెళ్లింది. కాబట్టి నాకు ఆ బీకరులో కనిపించింది నీళ్లలాంటి ద్రావణం మాత్రమే. గీత లేదు. కడిగేశాను. మర్నాడు ఆ చోటును ఎనిమిదో తరగతి జట్టుకు ఇచ్చాను. వాళ్లు ఉప్పు స్ఫటికాలు పెంచుతున్నారు. చూపుకు పటిక ద్రావణానికీ ఉప్పు ద్రావణానికీ తేడా లేదు.

పది రోజుల తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. పుస్తకం చూసుకుంది. మూడో అర, ఐదో చోటు. మూత అంచు ఎత్తి, ఇంట్లో కాచి తెచ్చిన చిక్కటి పటిక ద్రావణం అందులో పోసింది.

జిల్లా సైన్సు ప్రదర్శన ఇంకా మూడు రోజులుంది. ఎనిమిదో తరగతి పిల్లలు మూత తీసి చూస్తే, అందమైన ఘనాలు ఉండవలసిన చోట ముద్దముద్దగా ఏదో పేరుకొని ఉంది. ఏడుపు మొహాలతో నా దగ్గరికి వచ్చారు. మొదట వాళ్లనే అనుమానించాను. ద్రావణం సరిగ్గా వడకట్టలేదేమో అన్నాను. కాదన్నారు. కొంచెం ద్రావణం తీసి, నీళ్లు కలిపి పలుచన చేసి, బేరియం క్లోరైడు వేశాను. తెల్లగా దిగింది. సల్ఫేటు! బడి మొత్తంలో పటికతో పని చేస్తున్నది ఒక్కతే. పిలిపించాను.

"పోశాను మాస్టారూ. నా బీకరులోనే పోశాను" అంది.

అది నీ బీకరు కాదని, కళ్లు పెట్టి చూడకుండా ఎలా పోస్తావని అందరి ముందూ కేకలేశాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. నోటు పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. మూడో అర, ఐదో చోటు అని తేదీతో సహా రాసి ఉంది. అది చూశాక గాని నాకు ఆ శుక్రవారం గుర్తు రాలేదు.

బీరువాలాంటి మెమరీ

ఇక కంప్యూటరు లోపలికి రండి. కంప్యూటరు మెమరీ కూడా వరస నంబర్లు వేసిన గదులున్న బీరువాయే. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ దానికి గదులు కావాలి. మీరు ఒక పేరు టైపు చేస్తే దాన్ని దాచడానికి కొన్ని గదులు. ఒక బొమ్మ తెరిస్తే లక్షల గదులు. ఏ వస్తువును ఏ గదిలో పెట్టిందో ప్రోగ్రాము మరో గదిలో రాసుకుంటుంది. అంటే ఒక గదిలో మరో గది నంబరు ఉంటుంది. ఆ గదిలో ఇంకో గది నంబరు ఉండవచ్చు. చుట్టం పేరు చెప్పి ఊరూరూ తిరిగినట్లు, ప్రోగ్రాము ఈ నంబర్లు పట్టుకుని గది నుంచి గదికి వెళుతుంది.

పని అయిపోయిన గదులను ఎవరు ఖాళీ చేయాలి? తొలి రోజుల్లో ఆ బాధ్యత ప్రోగ్రాము రాసేవాడిదే. మా గోడ మీది నియమంలాగే. వాడూ మర్చిపోతాడు, లేదా తొందరపడి ఇంకా కావలసిన గదినే ఖాళీ చేస్తాడు.

1958లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో జాన్ మెకార్తీ లిస్ప్ అనే కంప్యూటరు భాషను తయారు చేయడం మొదలుపెట్టాడు. అది నడిచిన యంత్రం ఐ.బి.ఎం. 704. దాని మెమరీలో ఒక్కొక్క గదికి 36 బిట్లు. లిస్ప్ ఒక గదిలో రెండు గదుల నంబర్లు రాసుకునేది, ఒక్కొక్క నంబరుకు 15 బిట్ల చొప్పున. పదిహేను బిట్లతో 32,768 వేర్వేరు నంబర్లు రాయవచ్చు. (రెండును పదిహేనుసార్లు వేసి గుణించి చూడండి.) మా బీరువాకు సరిగ్గా 1,024 రెట్లు! ఈ రోజు మీ ఇంట్లో ఉన్న సెల్‌ఫోను ముందు అది ఆవగింజ కూడా కాదనుకోండి.

చెత్తను యంత్రమే ఏరుకోవాలని మెకార్తీ అనుకున్నాడు. 1960లో అచ్చయిన తన వ్యాసంలో దానికి ఉపాయం చెప్పాడు. ఖాళీ గదులు అయిపోయేదాకా అసలు ఏమీ చేయవద్దు. అయిపోయాక ప్రోగ్రాము పని ఆపి, దాని చేతిలో ఉన్న నంబర్లతో మొదలుపెట్టి, గది నుంచి గదికి వెళుతూ, చేరగలిగిన ప్రతి గదికీ గుర్తు పెట్టాలి. గుర్తుగా ఆయన గదిలోని ధన ఋణ చిహ్నాన్ని వాడుకున్నాడు. తర్వాత మొదటి నుంచి చివరి దాకా అన్ని గదులూ చూస్తూ, గుర్తు ఉన్నవాటి గుర్తు చెరిపేసి, గుర్తు లేనివాటిని ఖాళీల జాబితాలో వేయాలి. నా సుద్దగీత పద్ధతి ఇదే కదూ! నేను ఏదో సొంత తెలివి అనుకున్నాను. నా కంటే దశాబ్దాల ముందు ఆయన కనిపెట్టాడు.

ఈ పని చేసే భాగానికి గార్బేజి కలెక్టరు అని పేరు. చెత్త ఏరేవాడన్నమాట. (జిల్లా కలెక్టరుగారికీ ఈయనకూ సంబంధం లేదు.) ఆ పేరు అప్పటికే ప్రయోగశాలలో వాడుకలో ఉన్నా, 1960 వ్యాసంలో రాయడానికి మెకార్తీ జంకాడు.

ఆ రోజుల ముచ్చట ఒకటి మెకార్తీయే చెప్పాడు. పరిశ్రమల పెద్దలకు లిస్ప్‌ను చూపించే ప్రదర్శన ఏర్పాటైంది. వాళ్లు నాలుగో అంతస్తులో టెలివిజను ముందు కూర్చున్నారు. మెకార్తీ కింది అంతస్తులో యంత్రం దగ్గర మైకు పట్టుకుని వివరిస్తున్నాడు. ఒక కలన గణిత సమస్య నెమ్మదిగా, సజావుగా సాగుతోంది. ఉన్నట్టుండి టైపు యంత్రం, గార్బేజి కలెక్టరును పిలిచారహో, దాని వివరాలు ఇవిగో అంటూ సెకనుకు పది అక్షరాల చొప్పున ఒక పేజీ నివేదిక కొట్టడం మొదలుపెట్టింది. కొత్తగా చేసిన కలెక్టరు మీద ముచ్చటకొద్దీ వాళ్లే అలా రాయించి పెట్టుకున్నారు. అంతకుముందు అభ్యాసం చేసినప్పుడు మెమరీ నిండలేదు గనుక అది నోరెత్తలేదు. కాని అభ్యాసంలో వాడిన మెమరీని మళ్లీ శుభ్రం చేయకుండానే అసలు ప్రదర్శన మొదలుపెట్టారు. మిగిలిన సమయమంతా ఆ నివేదికకే పోయేలా ఉంది. చూస్తున్నవాళ్లకు చెత్త సంగతి ఎవరూ చెప్పి ఉండలేదు. మెకార్తీకీ, ఉపన్యాసకుడికీ నవ్వు ఆగక మాట పెగలలేదట.

అది నవ్వుకునే పొరపాటు. కలెక్టరు ఏరవలసిన చెత్త ఏరకపోతే మెమరీ నిండుతుంది, ప్రోగ్రాము నత్తలా నడుస్తుంది. కాని ఏరకూడనిది ఏరితే? ఆ గది మరొకరికి పోతుంది. పాతవాడి దగ్గర నంబరు అలాగే ఉంటుంది. వాడు వచ్చి తన పటిక పోస్తాడు. ప్రోగ్రాము కూలుతుంది. కూలేది తప్పు జరిగినప్పుడు కాదు, తప్పు జరిగిన చోటా కాదు. ఎప్పుడో, ఎక్కడో, ఏ పాపమూ తెలియనివాడి నెత్తిన.

పదకొండు రోజుల వేట

ఈ బీకరు కథ మొన్నొక సంక్రాంతికి ఊరు వచ్చిన నా పాత శిష్యుడికి చెప్పాను. హైదరాబాదులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం అతనిది. వింటూనే పకపక నవ్వాడు. "మాస్టారూ, ఇదే తప్పు కోసం నేను పదకొండు రోజులు వెతికాను" అన్నాడు. అతను చెప్పినదాన్ని నాకర్థమైనంత మేరకు చెబుతాను.

వాళ్ల ప్రోగ్రాము రెండు మూడు రోజులకోసారి కూలిపోయేది. మళ్లీ కూల్చి చూద్దామంటే కూలదు. ఎప్పుడు కూలుతుందో తెలియదు. కూలిన క్షణంలో మెమరీ ఎలా ఉందో ఒక నకలు తీసి పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. అందులో చూస్తే, కూలిన చోట రాసిన ప్రోగ్రాములో తప్పేమీ లేదు. కాని ఒక మొత్తం ఉండవలసిన గదిలో ఏదో అర్థం లేని పెద్ద అంకె. అతను దాన్ని ముక్కలు చేసి అక్షరాలుగా చదివి చూశాడు. కంప్యూటరులో 65 అంటే ఇంగ్లీషు 'ఏ', 66 అంటే 'బి', ఇలా వరసగా. చదివితే అది ఒక ఊరి పేరులో ముక్క!

నా పరీక్షనాళికలో దిగిన తెల్లటి అవక్షేపం ఇదేనని వేరే చెప్పాలా? మొత్తాల గదిలోకి ఊరి పేరు ఎలా వచ్చింది? ఊళ్ల పేర్లు దాచే భాగానికి ఆ గదిని ఎవరో ఇచ్చారు. గదులు ఇచ్చేది, తీసుకునేది కలెక్టరు. అంటే మొత్తాన్ని దాచిన గదిని ఎవరూ వాడటం లేదని కలెక్టరు అనుకుంది. ఇక్కడిదాకా రావడానికి అతనికి మూడు రోజులు.

మిగిలిన ఎనిమిది రోజులు, ఎందుకలా అనుకుంది అని వెతకడానికి. ఈ వేటగాళ్ల దగ్గర కొన్ని మంచి ఎత్తులున్నాయి. మొదటిది, ఏరిన ప్రతి గదిలోనూ వెంటనే తేలిగ్గా గుర్తుపట్టగల ఒక వింత అంకె నింపడం. ఖాళీ బీకర్లన్నిటిలో రంగు నీళ్లు పోసి పెట్టినట్లు. చచ్చిన గదిని ఎవరైనా బతికుందనుకుని చదివితే ఆ అంకె కళ్లబడుతుంది. దొంగ అక్కడికక్కడే దొరుకుతాడు.

రెండో ఎత్తు నాకు మరీ నచ్చింది. మామూలుగా కలెక్టరు గదులు అయిపోయినప్పుడే పనిలోకి దిగుతుంది. దాన్ని ఎవరు ఎప్పుడు ఒక్క గది అడిగినా సరే, మొత్తం బీరువా వెతికేటట్లు మార్చడం! నెలకోసారి కాకుండా నిమిషానికోసారి నేను బీకర్లు కడిగినట్లు. ప్రోగ్రాము వందల రెట్లు నెమ్మదిస్తుంది. కాని మూడు రోజులకోసారి జరిగే ప్రమాదం మొదటి నిమిషంలోనే, ప్రతిసారీ ఒకే చోట జరుగుతుంది. రూబీ అనే భాషలో దీనికోసం ప్రత్యేకంగా ఒక మీటలాంటిది ఉంది. పేరు జి.సి. స్ట్రెస్. జబ్బు కనిపించాలంటే జబ్బును పెంచాలి, అదీ ఇందులోని కిటుకు.

అలా పట్టుకున్న తప్పు ఇది. ప్రోగ్రాములో ఒక చిన్న భాగం మొదట ఒక వస్తువుకు గది అడిగి తీసుకుంటుంది. ఆ నంబరును చేతిలో పట్టుకునే, రెండో వస్తువుకు మరో గది అడుగుతుంది. రెండూ వచ్చాక రెంటినీ కలిపి ఒకచోట రాస్తుంది. కలెక్టరు వెతికేటప్పుడు రాసి ఉన్న పుస్తకాలు చూస్తుంది గాని, చేతిలో ఏముందో చూడదు. రెండో గది అడిగిన ఆ ఒక్క క్షణంలోనే ఖాళీలు అయిపోయి కలెక్టరు దిగిందా, మొదటి గది పోయినట్లే. అడగడం రోజుకు లక్షలసార్లు. సరిగ్గా ఆ క్షణంలో కలెక్టరు దిగడం మూడు రోజులకొకసారి. అందుకే అంత అరుదు.

సవరణ ఎంతనుకున్నారు? ఒక్క పంక్తి. రెండో గది అడిగే ముందు, నా చేతిలో ఫలానా నంబరుంది అని కలెక్టరుకు చెప్పే పంక్తి. జ్వరంతో ఇంట్లో ఉన్న పిల్ల పుస్తకం కూడా తెప్పించుకుని చూడటమన్నమాట.

ఈ చెప్పే పంక్తులను మనుషులు మర్చిపోవడం కొత్త కాదు. గ్నూ ఈమాక్స్ అనే పేరుపొందిన ప్రోగ్రాములో ఏళ్ల తరబడి ఇలాంటి పంక్తులు చేత్తో రాస్తూ వచ్చారు. ఎక్కడో ఒకచోట మర్చిపోతూనూ వచ్చారు. 2016లో వచ్చిన 25వ కూర్పు నాటికి వాటన్నిటినీ తీసేశారు. కలెక్టరే చేతులు కూడా తడిమి చూసే పద్ధతికి మారారు. చేతిలో ఉన్న అంకె గది నంబరులా కనిపిస్తే చాలు, నిజంగా నంబరో కాదో తేల్చుకోకుండానే ఆ గదిని వదిలేస్తుంది. కాస్త చెత్త మిగిలిపోతే మిగలనీ అన్న ధోరణి. హాన్స్ బోమ్, మార్క్ వైజర్ అనే ఇద్దరు 1988లో ఈ పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం అచ్చు వేశారు. అంత తెలివైన యంత్రానికి అనుమానమే మందు కావడం నాకైతే ముచ్చటగా ఉంది.

నిద్రపోయిన పనివాడు

మెకార్తీ కలెక్టరుకు ఒక ఇబ్బంది ఉండేది. అది ఏరుతున్న కొన్ని సెకన్లూ ప్రోగ్రాము చేతులు కట్టుకుని నిలబడాలి. ఒక పక్క పని జరుగుతుండగానే మరో పక్క ఏరలేమా? నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా, మరో నలుగురితో కలిసి, ఈ ప్రశ్నకు జవాబు వెతికాడు. 1978 నవంబరులో వాళ్ల వ్యాసం అచ్చయింది. అయితే అంతకుముందు వాళ్లు సరైనదే అనుకున్న ఒక జవాబులో తప్పుంది. వాళ్ల కాగితం చదివిన ఇతరులు దాన్ని పట్టుకున్నారు. అచ్చయిన వ్యాసంలో వాళ్లు ఆ తప్పును దాచుకోలేదు.

ఆ తప్పును మీరే ఆడి చూడవచ్చు. నేను మా పిల్లలతో ఆటస్థలంలో ఆడించాను. నలుగురు పిల్లలు, కొన్ని తాళ్లు, మూడు రంగుల కాగితాలు (తెలుపు, బూడిద, నలుపు) చాలు. పిల్లలకు క, చ, ట, త అని పేర్లు పెట్టండి. వీళ్లే గదులు. 'క' నుంచి 'చ'కు ఒక తాడు, 'క' నుంచి 'ట'కు ఒక తాడు, 'ట' నుంచి 'త'కు ఒక తాడు. 'క' ఎప్పటికీ ఉండే గది, వెతకడం అక్కడే మొదలు.

ఇంకో ఇద్దరు కావాలి. ఒకడు పనివాడు, తాళ్లు మారుస్తుంటాడు. ఒకడు ఏరేవాడు. మొదట అందరిదీ తెలుపు. ఏరేవాడు తాడు వెంట వెళ్లి ఎవరినైనా చూస్తే వాళ్లకు బూడిద రంగు కాగితం ఇస్తాడు. ఆ గది నుంచి బయలుదేరే తాళ్లన్నీ చూడటం అయ్యాక దానికి నలుపు ఇస్తాడు. బూడిద రంగు ఎక్కడా మిగలనప్పుడు, ఇంకా తెల్లగా ఉన్నవాళ్లు చెత్త. వాళ్లను లేపి పంపేస్తాడు. నల్లవాళ్లకు మళ్లీ తెల్ల కాగితం ఇచ్చి కొత్త చుట్టు మొదలుపెడతాడు.

ప్రమాదం ఎక్కడుందంటే, నల్లవాడిని ఏరేవాడు ఆ చుట్టులో మళ్లీ చూడడు. పనివాడు ఒక నల్లవాడి నుంచి తెల్లవాడికి తాడు కట్టి, తెల్లవాడికున్న పాత తాడు తీసేశాడా, ఆ తెల్లవాడు ఎవరి కంటా పడడు. అందుకని పనివాడికి ఒక నియమం: ఎవరికి తాడు కడితే వాళ్లకు బూడిద రంగు ఇవ్వాలి. అంటే తాడు మార్చినప్పుడల్లా రెండు అడుగులు, రంగు ఇవ్వడం, తాడు కట్టడం. ఏది ముందు?

మా పిల్లలందరూ ఒక్క గొంతుతో "రంగే ముందు మాస్టారూ" అన్నారు. జాగ్రత్తపరులు ఎవరైనా అదే అంటారు. ముందు కాపాడి తర్వాత కట్టాలి కదా! డైక్‌స్ట్రా బృందం కూడా మొదట అలాగే అనుకుంది.

ఇప్పుడు చూడండి. పనివాడు 'చ' నుంచి 'త'కు తాడు కట్టాలనుకున్నాడు. 'త'కు బూడిద కాగితం ఇచ్చాడు. తాడు కట్టబోతూ కునుకు తీశాడు. ఏరేవాడు కునుకు తీయలేదు. ఆ చుట్టు పూర్తి చేశాడు, నలుగురూ నల్లబడ్డారు, నలుగురికీ మళ్లీ తెల్ల కాగితాలిచ్చాడు. 'త'కు ఇచ్చిన రంగు కాస్తా పోయింది! కొత్త చుట్టులో 'క', 'చ' నల్లబడ్డారు. 'ట'కు బూడిద రంగు వచ్చింది గాని, అతని తాళ్లు ఇంకా చూడలేదు. అప్పుడు పనివాడు మేలుకున్నాడు. తాను రంగు ఇచ్చేశానన్న ధీమాతో 'చ' నుంచి 'త'కు తాడు కట్టాడు. ఆ వెంటనే మరో పనిలో భాగంగా 'ట' నుంచి 'త'కున్న తాడు తీసేశాడు. ఏరేవాడు 'ట' దగ్గరికి వచ్చాడు. తాడు లేదు. బూడిద రంగు ఎక్కడా లేదు. 'త' తెల్లగా ఉన్నాడు. లేచి వెళ్లిపొమ్మన్నాడు.

మా ఆటలో 'త'గా కూర్చున్న ఆరో తరగతి పిల్లవాడు లేవనన్నాడు. "'చ' నన్ను పట్టుకునే ఉన్నాడు మాస్టారూ" అని తాడు ఎత్తి చూపించాడు. గదులకు నోరుంటే ప్రోగ్రాములు కూలవు.

సవరణ ఏమిటంటే, ఆ రెండు అడుగులనూ తిరగవేయడమే. తాడు ముందు, రంగు తర్వాత. వినడానికి ఇది ఇంకా ప్రమాదంగా ఉంటుంది. కాని తాడు కట్టి కునుకు తీసినా, 'ట' నుంచి వచ్చే పాత తాడు ఇంకా ఉంది, ఏరేవాడు దాని వెంట వస్తాడు. ఆ పాత తాడు తీయాలంటే పనివాడు మేలుకోవాలి. మేలుకోగానే మొదట చేసేది 'త'కు రంగు ఇవ్వడం. అన్ని రకాల అల్లికలకూ ఇది సరిపోతుందని చూపడానికి వాళ్లకు పేజీల కొద్దీ తర్కం పట్టింది. నేను చెప్పింది ఒక్క ఉదాహరణకే. ఈ వరస ఎంత జారుడుబండ అంటే, 1984లో మొర్దెకాయ్ బెన్-ఆరి ఈ విషయంలోనే ఇంకా సులువైన పద్ధతి చెబుతూ, తన పద్ధతిలో ఈ రెండు అడుగుల వరసను మార్చినా ఫరవాలేదని రాశాడు. అది కుదరదని 1987, 1988లలో ఇతరులు చూపించారు.

ఆరుగురు స్నేహితులు, నాలుగు తాళ్లు ఉంటే మీరూ ఆడి చూడండి. పనివాడు ఎక్కడ కునుకు తీస్తే ఏమవుతుందో ఒక్కొక్క చోటా ఆపి చూడటంలోనే మజా ఉంది.

మా బడి సంగతి మిగిలిపోయింది కదూ. కేకలేసింది అందరి ముందు గనుక, మర్నాడు ఉదయం అసెంబ్లీలో అందరి ముందే ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. కాగితంలో చుట్టిన ఆమె స్ఫటికం రేగ్గింజంత ఉండింది. ఎనిమిది ముఖాలూ నిండుగా ఏర్పడ్డాయి. ఎనిమిదో తరగతి జట్టుకు ఉప్పు ఘనాలు మళ్లీ పెంచే వ్యవధి లేదు. రెండు జట్లూ ఒకే బల్ల తీసుకుని, పటిక స్ఫటికాన్నీ, పాడైన ఉప్పు బీకరునూ, బేరియం క్లోరైడు సీసానూ పక్కపక్కన పెట్టుకుని, జరిగిందంతా ఒక అట్ట మీద రాసి ప్రదర్శనకు తీసుకెళ్లారు. అట్ట మీద కడిగినది ఎవరో కూడా రాశారు.

ఇప్పుడు శుక్రవారం నాడు నోటు పుస్తకాల కంటే ముందు హాజరు పట్టీ తెరుస్తున్నాను. ప్రయోగాలు చేస్తున్నవాళ్లెందరో లెక్కపెట్టి, పుస్తకాలు అన్ని ఉంటేనే సుద్దముక్క చేతికి తీసుకుంటాను. ఈ నెల రెండు పుస్తకాలు తక్కువ వచ్చాయి. బీరువా కడగలేదు.